మూడుగట్ల మిట్ట మీద ముత్యాలి

తూర్పున సముద్రం, ఉత్తరాన కొండలు. బరువు మోసే ఎద్దు ఆరు రోజుల్లో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచిపోగల నేల. అంత చిన్న నేల మీద పూర్వం మూడు రాజ్యాలుండేవి.

సముద్రపు ఒడ్డున ఉన్నది లవణపురి. అక్కడ ఉప్పు మడులున్నాయి, చేపల పడవలున్నాయి, కానీ ఉప్పు గాలికి వరి పండదు. దానికి పడమట ఒండ్రు నేలల శాలిసీమ. అక్కడ వరికి కొదవ లేదు, మిగతా అన్నిటికీ కొదవే. ఈ రెంటికీ పైన, కొండల్లో లోహగిరి. ఇనుప రాయీ పశువుల మందలూ దాని సంపద. తమ దగ్గర లేనిది పక్కవాళ్ళ దగ్గర దొరికేది కాబట్టి ఎద్దుల బిడారులు ఎప్పుడూ దారుల మీదే ఉండేవి.

నలభై ఏళ్ళ కిందట ఈ పొత్తు చెడింది. లోహగిరి నుంచి నాగటి కర్రులు చవగ్గా వచ్చిపడుతున్నాయనీ, తమ కొలుములు ఆరిపోతున్నాయనీ శాలిసీమ కమ్మరులు తమ రాజుతో మొరపెట్టుకున్నారు. మూడు రాజ్యాల గట్లూ కలిసేచోట మూడుగట్ల మిట్ట అని ఒక గుట్ట ఉంది. దాని మీద వక్రకేతుడనే మాంత్రికుడు ఉండేవాడు. రాజు అతణ్ణి ఆశ్రయించాడు. మాంత్రికుడు మనిషెత్తు నల్లరాయి ఒకటి ఇచ్చాడు. అందులో ఒక భూతం బందీగా ఉంది.

"దీన్ని కొండ కనుమలో పాతించు. అక్కణ్ణించి దాటే ప్రతి సరుకులోనూ పదింట ఒక పాలు సుంకం తీస్తుంది. అందులో సగం నీది, సగం నాది," అన్నాడు వక్రకేతుడు.

ఆ నష్టం పూడ్చుకోవడానికి లోహగిరి రాజు తానూ ఒక రాయి తెచ్చి లవణపురి వైపు అడవి దారిలో పాతించాడు. నేనేం తక్కువ తిన్నానని లవణపురి రాజు మూడోది తెచ్చి శాలిసీమ వైపు ఏటి ఒడ్డున పాతించాడు. రాయి ఇచ్చేముందు మాంత్రికుడు ముగ్గురి చేతా ఒకే మాట చెప్పించుకున్నాడు: "మిగతా ఇద్దరూ తీసేదాకా నేను తీయను." ఆ మూడు మాటలూ ఒకదానికొకటి ముడిపడిపోయాయి.

రాళ్ళ ఆకలి ఏటేటా పెరిగింది. ఒక పాలు రెండయింది, రెండు అయిదయింది, చివరికి పదింట తొమ్మిది పాళ్ళయింది. రాజులకు రావలసిన సగం ఎప్పుడో రావడం మానేసింది. సుంకం ఇవ్వకుండా ఎక్కడైనా గట్టు దాటబోయినవాళ్ళు నిలుచున్న చోటనే శిలలైపోయేవారు. బిడారులు దాదాపు ఆగిపోయాయి. లవణపురి పిల్లలు ఎండుచేపలూ తాటి తేగలూ తిని పెరిగారు తప్ప పండగపూట కూడా కడుపునిండా అన్నం ఎరగరు. శాలిసీమ రైతులు కొయ్య కర్రులతో నేల గీకారు. లోహగిరిలో ఉప్పు లేక పశువులు బండలు నాకి నాకి నీరసించి కూలిపోయాయి.

లవణపురిలో వీరపోతు అనే ఉప్పు బిడారు పెద్ద ఉండేవాడు. అతని కూతురు ముత్యాలికి పదహారేళ్ళు. ఒకనాడు వీరపోతు పది ఎద్దుల మీద ఉప్పు వేసుకుని ఏటి ఒడ్డుకు వెళ్ళాడు. భూతం తొమ్మిది ఎద్దుల బరువు అడిగింది. "మా నాన్న ఇచ్చాడు, నేనూ ఇచ్చాను. ఇక ఇవ్వను," అని వీరపోతు అడుగు ముందుకు వేశాడు. ఆ అడుగు నేల మీద ఆనేలోపే శిలైపోయాడు. సాయంత్రానికి ఎద్దులు మాత్రం తమంతట తామే ఇంటికి తిరిగివచ్చాయి.

వారం రోజులు ముత్యాలి ఎద్దుల కొట్టంలోనే కూర్చుంది. ఎనిమిదో రోజున తల్లి తిరుమలమ్మ చేయి పట్టుకుని రాజు సాగరదత్తుడి కొలువుకు వెళ్ళింది.

"ప్రభూ, ఏటి ఒడ్డున ఉన్న రాయి మీది. దాన్ని తీయించండి," అంది.

సాగరదత్తుడు చెడ్డవాడు కాదు, భయస్థుడు. "నేనొక్కణ్ణే తీయలేనమ్మా. ముగ్గురమూ మూడుగట్ల మిట్ట మీద ఎవరి నేల మీద వారు నిలబడి, తీస్తున్నామని ఒక్క గొంతుతో అనాలి. అలా అయితేనే ముడి వీడుతుంది. ఆ ఇద్దరూ రారు."

"మీరు పిలిచారా?"

"పిలిస్తే లోకువైపోతాం. మనది చిన్న రాజ్యం."

"వాళ్ళవీ చిన్న రాజ్యాలే కదా, ప్రభూ. వాళ్ళిద్దరూ వస్తే మీరు వస్తారా?"

కొలువులో ఉన్నవాళ్ళంతా రాజు వైపు చూశారు. అది జరిగే పని కాదన్న ధీమాతో ఆయన నవ్వి, "మిట్ట మీద రెండు పొగలు కనిపించనీ, మూడో పొగ నాది," అన్నాడు.

"మీ మాట వీళ్ళంతా విన్నారు," అని ముత్యాలి నమస్కరించింది. "మా అమ్మ ఇక్కడే ఉంటుంది. మీరు మరిచిపోతే గుర్తు చేస్తుంది."

మర్నాడు పొద్దున్నే ఆమె ఒట్టి చేతులతో బయలుదేరి ఏటి ఒడ్డుకు చేరింది. నల్లరాయి పక్కనే వీరపోతు ఒక కాలు ముందుకు ఎత్తి, గడ్డం పైకెత్తి నిలబడి ఉన్నాడు. ముత్యాలి ఆయన పాదం మీద పడ్డ ఎండుటాకు తీసేసింది. అంతలో రాయి లోపల్నించి పొగ లేచింది. పొగకు మనిషి ముఖం వచ్చింది.

"ఏం తెచ్చావు?" అని అడిగింది భూతం.

"చేతులు ఖాళీ."

"సుంకం లేకుండా ఎవరూ దాటకూడదు. నీ దగ్గర ఉన్నదేదో చెప్పు. అబద్ధం చెప్పావో, మీ నాన్న పక్కన నిలబడతావు."

ముత్యాలి తన గుండెల మీద చేయి వేసుకుంది. "నా దగ్గర ఉన్నది దుఃఖం. ఎనిమిది రోజులుగా దాన్నే మోస్తున్నాను. పదింట తొమ్మిది పాళ్ళు తీసుకో," అంది.

భూతం తటపటాయించింది. కానీ ఎదుటివాళ్ళు నిజంగా మోసుకొచ్చిన సరుకు ఏదైనా అందులో వాటా తీసుకోక తప్పదు. దాని కట్టడి అది. పొగ చేయి చాచి ముత్యాలి గుండెల మీద పెట్టింది.

మరుక్షణం ముత్యాలికి ఒళ్ళంతా ఖాళీ కుండలా తేలికైపోయింది. తండ్రి వైపు చూస్తే ఎవరి తండ్రినో చూస్తున్నట్టు ఉంది. అది హాయిగా లేదు, భయంగా ఉంది. భూతం మాత్రం నేల మీద చతికిలబడి, ముఖం చేతుల్లో దాచుకుని వెక్కి వెక్కి ఏడవసాగింది.

"నలభై ఏళ్ళుగా ఉప్పు తిన్నాను, ధాన్యం తిన్నాను. ఇంత బరువైనది ఎప్పుడూ తినలేదు. మనుషులు దీన్ని ఎలా మోస్తారు?"

"మోస్తాం," అంది ముత్యాలి. "అది నాది. తిరిగి వచ్చి తీసుకుంటాను. అరిగించుకోకు."

ఆమె ఏట్లో దిగింది. మోకాలి లోతుకు వెళ్ళాక భూతం వెనక నుంచి పిలిచింది. "అమ్మాయ్, ఒక్క మాట విను. మాంత్రికుడు మిట్ట మీద ఎప్పుడూ తన గొంతుతో మాట్లాడడు. పక్కవాడి గొంతుతో మాట్లాడతాడు. అక్కడ చెవుల్ని నమ్మితే చెడిపోతారు."

శాలిసీమలో ఎటు చూసినా పచ్చగానే ఉంది గానీ, దగ్గరికి వెళ్ళి చూస్తే చేలల్లో పైరు జానెడు మించి లేదు. కొయ్య కర్రు నేలలోకి ఎంత లోతు దిగుతుంది గనక. రెండు రోజులు నడిచి ముత్యాలి రాజధాని చేరింది. రాజు కలమనాయకుడు లావుపాటి మనిషి, ముక్కోపి. ఆమె చెప్పిందంతా విని గడ్డం నిమురుకున్నాడు.

"నేను రాయి తీస్తే లోహగిరి కర్రులు వరదలా వచ్చిపడతాయి. నా కమ్మరులు ఏమైపోవాలి? పొమ్మను దీన్ని."

"పోను ప్రభూ," అంది ముత్యాలి. "మీ కమ్మరుల్నే అడగండి. వాళ్ళు వద్దంటే అప్పుడు పోతాను."

ఇంత చిన్న పిల్ల ఎదురు మాట్లాడేసరికి రాజుకు కోపం వచ్చింది. అయినా మంత్రులంతా చూస్తుండడంతో ఊళ్ళో పెద్ద కమ్మరిని పిలిపించాడు. అతని పేరు ఓబుళయ్య. అరవై ఏళ్ళ మనిషి, భుజాలు ఇంకా బండల్లా ఉన్నాయి.

"ఓబుళయ్యా, కనుమలో రాయి తీయమంటోంది ఈ పిల్ల. ఏమంటావు?"

ఓబుళయ్య ముత్యాలి వైపు తిరిగాడు. ముందు ఆమెను అడిగాడు. "రాయి తీశాక నా కొలిమి ఆరిపోతే నా మనవలకి నువ్వు కూడు పెడతావా?"

"పెట్టలేను తాతా," అంది ముత్యాలి. "నీకు నష్టం రాదని కూడా చెప్పలేను. రావచ్చు. కానీ ఇప్పుడు నీ కొలిమి మండుతోందా?"

ముసలాయన తన చేతుల వైపు చూసుకున్నాడు. అవి కమ్మరి చేతులే గానీ వాటికి మసి లేదు.

"ప్రభూ," అన్నాడు చివరికి, "ఆ రాయి కావాలని మీ తండ్రిగారి కాళ్ళు పట్టుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. లోహగిరి కర్రులు రాకుండా ఆగాయి, నిజమే. వాటితోపాటు లోహగిరి ఇనుమూ ఆగింది. రెండేళ్ళు పాత మేకులు కరిగించాను. ఆ తర్వాత కరిగించడానికీ ఏమీ లేదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా మట్టి పనికి పోతున్నాను. ఈ పిల్ల అడిగేదాకా ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు, సిగ్గేసి."

కలమనాయకుడు గద్దె మీద ముందుకు వంగాడు.

"అయితే రాయి తీసేయమంటావా?" అన్నాడు రాజు, గొంతు తగ్గించి.

"తీసేయండి. కానీ ఒక షరతు పెట్టండి. ముడి ఇనుము రేపట్నించే రానివ్వండి. తయారైన కర్రుల్ని మాత్రం అయిదు పంటల దాకా ఇన్నేనని ఒక హద్దు మీద రానివ్వండి. ఆ అయిదు పంటల్లో మేం కొలుములు రాజేసుకుంటాం. అప్పటికీ వాళ్ళతో సరితూగలేకపోతే తప్పు మాది."

కలమనాయకుడు గద్దె దిగాడు. "మిట్టకు వస్తాను. లోహగిరి పొగ కనిపించగానే నా పొగ వేయిస్తాను. కానీ మిగతా ఇద్దరికంటే ముందు నోరు తెరవను," అన్నాడు.

"ముందెవరూ తెరవక్కర్లేదు ప్రభూ. కలిసి తెరిస్తే చాలు," అంది ముత్యాలి.

ఓబుళయ్య ఆమె వెంట బయలుదేరాడు. లోహగిరికి దారి తెలిసినవాడు తనేనన్నాడు. అసలు కారణం వేరే ఉందని ముత్యాలికి అనిపించింది గానీ అడగలేదు.

కొండ కనుమ పొడవు పూటసేపు నడక. దాని మొదట్లో రెండో నల్లరాయి ఉంది. దాని మీద ఎలుగుబంటి రూపంలో ఉన్న భూతం కూర్చుని గోళ్ళు నాకుతోంది.

"ఏటి ఒడ్డున మా తమ్ముణ్ణి ఏడిపించింది నువ్వేనా?" అంది ముత్యాలిని చూసి. "నా దగ్గర ఆ ఆటలు సాగవు. దుఃఖాలూ సంతోషాలూ, ఆ అటుకుల మూటా నాకొద్దు. మీరు తెచ్చింది కాళ్ళే కదా, నడకలోనే తీసుకుంటాను. నడవండి."

వాళ్ళు పది అడుగులు వేశారు. కాళ్ళ కింద నేల చాపలా జారి తొమ్మిది అడుగులు వెనక్కి లాగేసింది. మళ్ళీ పది వేశారు. మళ్ళీ తొమ్మిది పోయాయి. మధ్యాహ్నం దాకా నడిచి చూసుకుంటే నల్లరాయి ఇంకా వీపు వెనకే ఉంది. ఓబుళయ్య రొప్పుతూ ఒక బండ మీద కూలబడ్డాడు.

"ఇది అయ్యే పని కాదమ్మా. వెనక్కి పోదాం."

"ఒక అడుగు మిగులుతోంది కదా తాతా," అంది ముత్యాలి.

"పదికి ఒకటి."

"మిగులుతోంది కదా. పూటలో పోయేది పది పూటలు పడుతుంది. అంతే. అయిదు రోజులు."

ముసలాయన ఆమెను ఎగాదిగా చూశాడు. లేచి నడుం బిగించాడు. వాగు నీళ్ళు తాగారు, మూటలో ఉన్న అటుకులు తిన్నారు, పొద్దు ఉన్నంతసేపూ నడిచారు, పొద్దు వాలగానే ఉన్నచోటే పడుకున్నారు. మొదటి రోజు ఎలుగు పగలబడి నవ్వింది. రెండో రోజు నవ్వడం మానేసి గుర్రుమంది. పది అడుగులకు తొమ్మిది వెనక్కి లాగడం దానికి మాత్రం తేలికా? నడిచేవాళ్ళకు చెప్పుల తోళ్ళు అరిగితే, లాగేదానికి గోళ్ళు అరిగాయి. నాలుగో రోజు అది నాలుక బయటపెట్టి రొప్పుతూ, "మీరు ఆగరా?" అని అడిగింది.

"నువ్వు ఆగితే మేం తొందరగా పోతాం. ఆగకపోయినా పోతాం," అంది ముత్యాలి.

అయిదో రోజు పొద్దు తిరిగే వేళకు ఎలుగు రాయి మీద అడ్డంగా పడి నిద్రపోయింది. చివరి బారెడు నేల కదలకుండా నిలిచింది. వాళ్ళు కనుమ దాటి లోహగిరిలో అడుగు పెట్టారు.

లోహగిరిని ఏలేది రాణి ఎల్లసాని. నడివయసు మనిషి. వాళ్ళు వెళ్ళేసరికి ఆమె కొలువులో లేదు. పశువుల కొట్టంలో, లేవలేని ఆవు తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ముత్యాలి చెప్పేదంతా ఆవు మెడ నిమురుతూనే వింది.

"శాలిసీమ మాట నమ్మమంటావా?" అంది. "నాకు ఆరేళ్ళప్పుడు మా నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని కనుమకు తీసుకెళ్ళాడు. మా వాళ్ళు అమ్మకానికి పట్టుకెళ్ళిన కర్రుల్ని శాలిసీమ మనుషులు బురదలో విసిరేసి తొక్కుతున్నారు. మా నాన్న కళ్ళలో నీళ్ళు చూడ్డం అదొక్కసారే."

ఓబుళయ్య తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "విసిరినవాళ్ళలో నేనున్నాను తల్లీ. ఆ మాట చెప్పడానికే ఇంత దూరం వచ్చాను. ఆ కర్రులు మంచివి. నాకంటే బాగా చేశారనే విసిరాను."

రాణి అతని వైపు చాలాసేపు చూసింది. పొమ్మనలేదు, కూర్చోమనీ అనలేదు.

"మేం మోసపోయింది చాలు," అంది చివరికి.

"అమ్మా," అంది ముత్యాలి, "మళ్ళీ మోసపోతారేమోనని నలభై ఏళ్ళు తలుపు వేసుకుని కూర్చున్నారు. మోసం జరిగితే ఒక ఏడు నష్టపోయేవారు. భయంతో ఏటేటా నష్టపోతున్నారు. మా నాన్న శిలైపోయింది మోసం వల్ల కాదు. ముగ్గురు రాజుల భయం వల్ల."

ఆవు ఒక్కసారి బరువుగా ఊపిరి వదిలింది. మళ్ళీ తీసుకోలేదు. ఎల్లసాని దాని తలను మెల్లగా గడ్డి మీద పెట్టి లేచి నిలబడింది.

"పద," అంది.

అయిదు రోజుల తర్వాత, ఎండ నిటారుగా కాస్తున్న మిట్టమధ్యాహ్నం, మూడుగట్ల మిట్ట మీద శాలిసీమ వైపు నుంచి ఒక పొగ, లోహగిరి వైపు నుంచి ఒక పొగ లేచాయి. లవణపురి వైపు ఏమీ లేవలేదు. కలమనాయకుడు అసహనంగా అటూ ఇటూ తిరిగాడు. ఎల్లసాని కదలకుండా నిలబడింది. పొద్దు పడమటికి వాలింది. అప్పుడు తూర్పు వాలులో మూడో పొగ కనిపించింది. దాని వెనక సాగరదత్తుడు రొప్పుతూ ఎక్కి వస్తున్నాడు. అతని వెనక తిరుమలమ్మ, ఆమె వెనక ఉప్పు బిడారుల వాళ్ళు రెండు వందల మంది ఉన్నారు. పొగలు కనపడిన క్షణం నుంచి వాళ్ళు కోట గుమ్మం ముందు నిలబడి, మాట నిలబెట్టుకొమ్మని రాజును ఒకటే అడిగారట.

మిట్ట నడిమధ్యన జానెడు నేల ఉంది. అది ముగ్గురిలో ఎవరిదీ కాదు. ముత్యాలి వెళ్ళి అక్కడ నిలబడింది. ఆమెకు మూడు వైపులా, ఎవరి గట్టు లోపల వాళ్ళు, ఇద్దరు రాజులూ ఒక రాణీ నిలబడ్డారు.

అప్పుడే గాలి ఆగిపోయింది. కలమనాయకుడికి చెవిలో ఎల్లసాని గొంతు వినిపించింది: "వాడు తీస్తానన్నాక మనం నోరు మూసుకుందాం." ఎల్లసానికి సాగరదత్తుడి గొంతు వినిపించింది: "కొండవాళ్ళు తెలివితక్కువవాళ్ళు, మన పని నెరవేరింది." సాగరదత్తుడికి కలమనాయకుడి నవ్వు వినిపించింది. ముగ్గురి ముఖాలూ ముడుచుకున్నాయి. చేతులు కత్తుల వైపు పోయాయి.

ముత్యాలికి తండ్రి గొంతు వినిపించింది. "వద్దు తల్లీ, ఇంటికి పోదాం."

పదింట ఒక పాలు దుఃఖమే మిగిలినా, ఆ పిలుపుకి ఆమె వెనక్కి తిరగబోయింది. కానీ వీరపోతు బతుకులో ఎన్నడూ వెనక్కి రమ్మని అన్న మనిషి కాదు. "ఆ మాటలు అంటున్నది మీలో ఎవరూ కాదు," అని ఆమె గట్టిగా చెప్పింది. "చెవులు మూసుకోండి. కళ్ళతో చూడండి. ఒకరి చేయి ఒకరు పట్టుకోండి."

"చేయి చాపితే గట్టు దాటుతుంది," అన్నాడు సాగరదత్తుడు. "శిలైపోతుంది."

ఎవరూ కదల్లేదు. ఎల్లసాని కలమనాయకుడి ముఖంలోకి సూటిగా చూసింది. తర్వాత తన కుడిచేతిని గట్టు దాటించి అతని ముందుకు చాచింది. అందరూ చూస్తుండగానే గోళ్ళు బూడిదరంగుకు తిరిగాయి. వేళ్ళు బిగుసుకున్నాయి. శిల మణికట్టు వైపు పాకుతోంది. ఆమె పళ్ళు బిగపట్టింది గానీ చేయి వెనక్కి తీసుకోలేదు.

చెవిలో ఆమె గొంతు ఇంకా కపటంగా గుసగుసలాడుతూనే ఉంది. కళ్ళ ముందు ఆమె చేయి రాయవుతోంది. ఏది నిజమో కలమనాయకుడికి అప్పుడు తెలిసింది. "చాలమ్మా," అంటూ తన చేతిని గట్టు దాటించి ఆ రాతి చేతిని పట్టుకున్నాడు. సాగరదత్తుడు కళ్ళు గట్టిగా మూసుకుని రెండు చేతులూ చాపి, చెరొక చేతా ఇద్దరినీ పట్టుకున్నాడు. ఆ ముగ్గురి చేతుల మీదా ముత్యాలి తన చేయి వేసింది.

"ఇప్పుడు అనండి," అంది.

"తీస్తున్నాను," అన్నారు ముగ్గురూ. ఒకటే గొంతు వినిపించింది.

నేల లోపల ఏదో తెగినట్టు చప్పుడైంది. ఏటి ఒడ్డునా, కనుమలోనూ, అడవిలోనూ మూడు నల్లరాళ్ళు ఒకేసారి పగిలాయి. మిట్ట కింద గుహ నోరు తెరుచుకుంది. భరించరాని కంపు వచ్చింది. నలభై ఏళ్ళ సుంకమంతా లోపల గుట్టలుగా పడి ఉంది: ముక్కిపోయిన ధాన్యం, తుప్పు పట్టిన ఇనుము, నీరై కారిపోయిన ఉప్పు. ఎవరికీ పనికిరాకుండా పోయిన సంపద అది. దాని మధ్య నుంచి వక్రకేతుడు గడ్డం చిక్కులు పడి, కళ్ళు చికిలించుకుంటూ బయటికి వచ్చాడు.

"నా వాటా సంగతేమిటి?" అన్నాడు.

జవాబు చెప్పాల్సిన పని ముత్యాలికి పడలేదు. చెర విడిపోయిన భూతాలు మూడూ గాలిలా వచ్చి అతని చుట్టూ నిలబడ్డాయి.

"ఏం తెచ్చావు?" అని అడిగింది అడవి భూతం.

మాంత్రికుడు ఒక అడుగు వెనక్కి వేశాడు. "నా దగ్గర... మంత్రశక్తి తప్ప ఏమీ లేదు."

అడవి భూతం అందులో పదింట తొమ్మిది పాళ్ళు తీసుకుంది. మిగిలినదాంట్లో కనుమ భూతం పదింట తొమ్మిది తీసుకుంది. ఆ మిగిలినదాంట్లో ఏటి భూతం తొమ్మిది తీసుకుంది. మూడు వాటాలూ పోయేసరికి వక్రకేతుడి దగ్గర చుట్ట ముట్టించుకోవడానికి చాలినంత మంత్రం మాత్రం మిగిలింది. గొణుక్కుంటూ అడవిలోకి వెళ్ళిపోయాడు. తర్వాత అతణ్ణి ఎవరూ చూడలేదు, వెతకనూ లేదు.

ఎల్లసాని చేయి మళ్ళీ మెత్తబడింది, చిటికెనవేలు తప్ప. అది రాయిగానే ఉండిపోయింది. ఓబుళయ్య ఆ వేలి వైపే చూస్తుంటే, "తొమ్మిది మిగిలాయిగా," అంది రాణి. తర్వాత ఆమె అతణ్ణి తన పక్కన కూర్చోమంది.

ఏటి భూతం ముత్యాలి ముందుకు వచ్చింది. "నీ సరుకు భద్రంగా ఉంది," అంటూ ఆమె గుండెల మీద చేయి పెట్టింది. పోయిన దుఃఖమంతా ఒక్కసారిగా తిరిగి వచ్చేసరికి ముత్యాలి నేల మీద కూలబడింది. దాన్ని మోయకుండా తిరిగిన పదహారు రోజుల ఏడుపూ ఆ మిట్ట మీద ఏడ్చింది. తిరుమలమ్మ ఆమెను పొదివి పట్టుకుంది. ఏడుపు తీరాక తల్లీ కూతుళ్ళిద్దరూ ఏటి వైపు పరుగెత్తారు.

వీరపోతు ఎత్తిన కాలు నేల మీద పెట్టి, "ఇవ్వనంటే ఇవ్వను," అని భూతం కోసం అటూ ఇటూ చూస్తున్నాడు.

"అయిపోయింది నాన్నా," అంది ముత్యాలి. "ఇక అడిగేవాళ్ళు లేరు."

మూడు రాజ్యాల పెద్దలూ మూడు రోజులు మిట్ట మీదే కూర్చుని ఒడంబడిక రాసుకున్నారు. అది తేలిగ్గా ఏమీ జరగలేదు. ఓబుళయ్య అయిదు పంటల షరతు గురించి గొంతు చించుకున్నాడు. లోహగిరి వాళ్ళు మూడు చాలన్నారు, నాలుగు దగ్గర కుదిరింది. సాగరదత్తుడు చేపల గురించి ఒక పూటంతా వాదించాడు. చివరికి ముగ్గురూ వేలిముద్రలు వేశారు. ఏడాదికోసారి మిట్ట మీద కలవాలనీ, ఎవరికి నష్టం వచ్చినా అక్కడే చెప్పుకోవాలనీ, మిగతా ఇద్దరికీ చెప్పకుండా ఎవరూ దారికి అడ్డం పెట్టకూడదనీ రాసుకున్నారు.

మిట్టను ఏలమని ముగ్గురూ ముత్యాలిని అడిగారు. "ఇక్కడ రాజ్యం పెడితే నాలుగో గట్టు పుడుతుంది," అందామె. "సంత పెట్టించండి. కావాలంటే దాన్ని చూసుకుంటాను."

అలా ఆమె సంత పెద్ద అయింది. మూడేళ్ళ తర్వాత లోహగిరి పశువుల కాపరి బయ్యన్నను మెచ్చి పెళ్ళాడింది. పెళ్ళికి లవణపురి చేపల పులుసు, శాలిసీమ బియ్యం, లోహగిరి పెరుగు వడ్డించారు. పెళ్ళికొచ్చిన పిల్లలు కడుపు పట్టుకుని కూర్చునేదాకా తిన్నారు.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. ధాన్యం బయటికి పోతుందన్న భయంతో కలమనాయకుడు ఎవరికీ చెప్పకుండా ఏటి రేవు మూసేయమని భటుల్ని పంపాడు. ముత్యాలి చంకలో బిడ్డతో రేవు దగ్గరికి వచ్చింది. ఆమె వెనక వీరపోతు, అతని వెనక కనుచూపు మేర ఎద్దులు. వాటి మీద లవణపురి ఎండుచేపలు, లోహగిరి కొండ జొన్నలు.

"ఆగండి," అన్నాడు భటుల నాయకుడు. "రాజుగారి ఆజ్ఞ. దారి మూసేస్తున్నాం."

"ఈ దారిన పోయేది ఒక్కటే కాదు, వచ్చేదీ ఉంది. నీ ఇంట్లో పిల్లలున్నారా?" అని అడిగింది ముత్యాలి.

అతను తలాడించాడు.

"అయితే పక్కకు జరుగు. రాజుగారికి చెప్పాల్సింది నేను మిట్ట మీద చెబుతాను."

ఆమె అతని జవాబు కోసం నిలబడలేదు. బిడ్డను ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుని ఏట్లో దిగింది. భటుడు ఒకసారి ఆమెను, ఒకసారి ఎద్దుల వరసను చూసి, ఈటె భుజానికి ఆనించుకుని పక్కకు జరిగాడు. ఎద్దులు ఒకదాని వెనక ఒకటి నీళ్ళలోకి దిగాయి. అవతలి ఒడ్డున శాలిసీమ జనం బుట్టలు పట్టుకుని ఎదురొస్తున్నారు.